ఇరవై మంది పెద్దవాళ్లున్నా నీళ్ల దగ్గర చంటిపిల్లని చూసేదెవరు?

చిన్నారి_అమ్మ
మా పాపకి రెండేళ్లు. వచ్చే నెలలో మా ఆడపడుచు వాళ్లు ఒక ఇల్లు అద్దెకు తీసుకుని చుట్టాలందరినీ పిలుస్తున్నారు. ఆ ఇంట్లో స్విమ్మింగ్ పూల్ ఉంది. ఫొటోలు చూశాను. హాల్లో అద్దాల తలుపు జరిపితే నాలుగడుగుల్లో నీళ్లు. కంచె లేదు, గేటు లేదు. మావారికి చూపిస్తే "ఇరవై మంది పెద్దవాళ్లం ఉంటాం, అంతమందిలో పిల్ల ఎక్కడికి పోతుంది" అన్నారు. అత్తయ్యగారు "మేం పిల్లల్ని పెంచలేదా అమ్మా" అన్నారు. వెళ్లడం మానుకోవాలని లేదు. పాప మిగతా పిల్లలతో ఆడుకోవాలని నాకూ ఉంది. కానీ ఆ అద్దాల తలుపు గుర్తొస్తే కడుపులో దేవినట్టవుతోంది. నాది అతి భయమా? కాకపోతే ఏ ఏర్పాట్లు అడగాలి, ఎవరినీ నొప్పించకుండా ఎలా అడగాలి?

ముగ్గురి_నాన్న
అతి కాదండీ. ఇరవై మంది ఉంటారన్న మాటే నన్ను భయపెడుతోంది. ఒక్కరే ఉంటే చూడాల్సింది తామేనని ఆ ఒక్కరికీ తెలుసు. ఇరవై మంది ఉంటే ప్రతివాళ్లూ ఇంకొకరు చూస్తున్నారులే అనుకుంటారు. మా బంధువులింట్లో కళ్లారా చూశాను. పూల్ పక్కనే కుర్చీలు వేసుకుని పెద్దవాళ్లు కబుర్లలో ఉన్నారు. మూడేళ్ల బాబు మెట్ల మీద కూర్చుని కాళ్లాడిస్తూ ఒక మెట్టు కిందికి జరిగాడు, ఇంకో మెట్టు జరిగాడు, అక్కడితో కాలు అందలేదు. చప్పుడు లేదు, నీళ్లు చిమ్మలేదు, కబుర్లు ఆగలేదు. అవతలి గట్టున ఉన్న పదకొండేళ్ల పిల్ల "తమ్ముడు లేవట్లేదు" అని అరుస్తూ దూకింది. బాబు దక్కాడు. ఆ తర్వాత అందరి నోటా ఒకటే మాట: "నువ్వు చూస్తున్నావనుకున్నా."

బొమ్మలబుట్ట
ఆ పదకొండేళ్ల తల్లికి దండం పెట్టాలి.

వేపకొమ్మ
నేను కొంచెం వేరుగా చెప్తాను, కోపం తెచ్చుకోకండి. ఇలాంటివి చదివి చదివి తల్లులు పిల్లల్ని నీళ్ల దరిదాపులకే రానివ్వడం లేదు. మేమంతా చెరువుల్లో, కాలవల్లో పడి లేచి పెరిగినవాళ్లమే. ఎవరూ నేర్పలేదు, ఎవరూ కాపలా కాయలేదు. భయపెడితే పిల్లలు నీళ్లు చూస్తే వణికేలా తయారవుతారు.

ముగ్గురి_నాన్న
వేపకొమ్మ గారూ, పడి లేచినవాళ్లే కదండీ ఇవాళ ఇలా చెప్పగలిగేది. లేవనివాళ్లు వచ్చి తమ మాట చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబర్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. వాళ్లలో నలుగురిలో ఒకరు ఐదేళ్లు నిండని పసివాళ్లు.

రాత్రి_డ్యూటీ
పిల్లల ఎమర్జెన్సీలో నర్సుగా పనిచేస్తాను. ముగ్గురి_నాన్న గారు "చప్పుడు లేదు" అన్నారే, దాని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది పెద్దవాళ్లు ఆ చప్పుడు కోసమే ఎదురుచూస్తారు.

మునిగేవాళ్లు చేతులు ఊపుతూ కేకలు పెడతారని అందరం అనుకుంటాం. ఫ్రాంక్ పియా అనే లైఫ్‌గార్డ్ 1970లలో నీళ్లలో ఇబ్బందిపడుతున్న మనుషుల్ని గమనించి, ఫిల్మ్ తీసి, అసలు ఏం జరుగుతుందో చూపించాడు. నోరు నీటిమట్టం పైకి వచ్చేదే క్షణం సేపు. ఆ క్షణం ఊపిరికే చాలదు, ఇక కేక ఎక్కడ పెడతారు? చేతులు పక్కలకి చాపి నీళ్లను కిందికి అదుముతుంటారు, కాబట్టి మనకేసి ఊపలేరు. ఒళ్లు నిలువుగా ఉంటుంది, కాళ్లు ఆడవు, తల వెనక్కి వాలి ఉంటుంది. దూరం నుంచి చూస్తే కనిపించని నిచ్చెన ఎక్కుతున్నట్టు ఉంటుంది. నీళ్ల పైన ఇలా పెనుగులాడేది 20 నుంచి 60 సెకన్లు. చిన్నపిల్లలకి అంతసేపు కూడా పట్టకపోవచ్చు. ఆ తర్వాత ఆక్సిజన్ లేకుండా నాలుగైదు నిమిషాలు గడిస్తే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది.

అందుకే నీళ్లలో ఆడుతున్న పిల్లలు ఉన్నట్టుండి నిశ్శబ్దమైతే వెంటనే దగ్గరికి వెళ్లండి. "బాగున్నావా?" అని అడగండి. జవాబు రాకుండా శూన్యంలోకి చూస్తుంటే ఆలోచించకుండా బయటికి తీయండి. ఒడ్డున కూర్చుని "అరుస్తుందిలే" అనుకునే ధీమా మాత్రం వదిలేయండి.

చిన్నారి_అమ్మ
రాత్రి_డ్యూటీ గారూ, ఇది యథాతథంగా మావారికి చూపించాను. చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సరే, ఏం చేద్దాం చెప్పు" అన్నారు. ఇక మీరందరూ చెప్పండి.

సర్దుడుబల్ల
ముందు ఆ తలుపు సంగతి తేల్చండి. మనిషి కాపలా ఎంత ఉన్నా ఎక్కడో ఒకచోట తప్పుతుంది. తప్పినప్పుడు పిల్లకీ నీళ్లకీ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉండాలి. పూల్ కంచె అంటే నాలుగు వైపులా ఉండేది. ఇంటి గోడ నాలుగో వైపు అయితే అది కంచె కింద లెక్కకాదు, ఎందుకంటే పిల్ల వచ్చేదే ఇంట్లోంచి. ఎత్తు కనీసం 1.2 మీటర్లు, కాలు పెట్టి ఎక్కడానికి అడ్డకమ్మీలు ఉండకూడదు, గేటు దానంతటదే మూసుకుని దానంతటదే గడియ పడాలి. ఆస్ట్రేలియాలో ఇలాంటి కంచె చట్టం. ఫ్రాన్స్‌లో 2003లో చట్టం చేసి సొంత పూల్‌కి కంచె, అలారం, కవరు, పైకప్పు.. వీటిలో ఏదో ఒకటి ఉండి తీరాలన్నారు. నన్నడిగితే అలారం కంచెకి సాటిరాదు. పిల్ల పడ్డాక మోగే గంట అది.

అద్దె ఇల్లు కాబట్టి యజమానిని నేరుగా అడగండి: తాత్కాలిక కంచె బిగించే వీలుందా? లేదంటే అద్దాల తలుపుకి పైన, పిల్లకి అందని ఎత్తులో గడియ ఉందా? రెండూ లేకపోతే ఇల్లు మార్చమని మీ ఆడపడుచుని అడగడంలో తప్పేమీ లేదు. ఇంకా నెల ఉంది.

బొమ్మలబుట్ట
తలుపుకి కుర్చీ అడ్డం పెడితే?

సర్దుడుబల్ల
రెండేళ్ల పిల్ల కుర్చీని లాక్కెళ్లి దాని మీద ఎక్కి గడియ తీస్తుంది. మా అమ్మాయి ఫ్రిజ్ మీది బిస్కెట్ల డబ్బా దాకా వెళ్లింది. మీరు పెట్టేది అడ్డం కాదు, మెట్టు.

పిల్లిమొగ్గ
మా వాడైతే కుర్చీ మీద స్టూలు కూడా వేస్తాడు. పెద్దయ్యాక ఇంజినీరే.

ఈత_మాస్టారు
చిన్నపిల్లలకి ఈత నేర్పుతాను. కంచె గురించి చెప్పినదంతా నిజం. దానికి తోడు, మీ పాపకి రెండేళ్లు నిండాయి కాబట్టి ఈత క్లాసులో చేర్చే ఆలోచన చేయండి. ఒకప్పుడు అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, నాలుగేళ్లు నిండేదాకా వద్దనేది. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒకటి నుంచి నాలుగేళ్ల మధ్య పాఠాలు నేర్చుకున్న పిల్లల్లో మునిగే ప్రమాదం బాగా తక్కువగా కనిపించింది. 2010లో ఆ సంస్థ తన మాట సడలించింది, 2019కి వచ్చేసరికి ఏడాది నిండిన పిల్లలకి చాలామందికి మేలేనని రాసింది. ఏడాదిలోపు పిల్లల్ని నీళ్లలో ఆడించడం సరదాకే, దానివల్ల రక్షణ ఏమీ రాదు.

వేపకొమ్మ
అదే నేను చెప్పేది! నేర్పండి, భయపెట్టకండి. ఈత వస్తే ఇంత తతంగం అక్కర్లేదు.

ఈత_మాస్టారు
అక్కడే మనిద్దరికీ తేడా వస్తుందండీ. మా దగ్గర పూల్ ఈ చివర నుంచి ఆ చివరకి చక్కగా ఈదే అయిదేళ్ల పిల్లవాడిని బట్టలతో, బూట్లతో నీళ్లలోకి దింపి చూపిస్తాను, పక్కనే నేనుండి, తల్లిదండ్రులు చూస్తుండగా. వాడు క్లాసులో చేసింది సగం కూడా చేయలేడు. క్లాసులో వాడికి నీళ్లలోకి దిగుతున్నానని ముందే తెలుసు, అద్దాలు పెట్టుకుంటాడు, నీళ్లు వెచ్చగా ఉంటాయి. జారిపడ్డప్పుడు ఇవేవీ ఉండవు. అందుకే మొదట పడిన చోటి నుంచి వెనక్కి తిరిగి గట్టు పట్టుకోవడం, వెల్లకిలా తేలడం నేర్పుతాను. స్టైళ్లు తర్వాత. ఇవన్నీ వచ్చినా పసిపిల్ల పక్కన మనిషి ఉండాల్సిందే. ఈత వచ్చిందన్న నమ్మకంతో పెద్దవాళ్లు ఒడ్డుకి వెళ్లి కూర్చుంటే ఆ పాఠం వల్ల కీడే ఎక్కువ.

బొమ్మలబుట్ట
చేతులకి తొడిగే గాలి బుడగలు ఉన్నాయి కదా, అవి పెడితే?

ఈత_మాస్టారు
ఆటకి సరే. జారిపోతాయి, గాలి దిగిపోతుంది. పైగా అవి పెట్టుకున్న పిల్లలు నీళ్లలో నిలువుగా ఉండటానికి అలవాటు పడి, తాము తేలగలమనుకుంటారు. తీసేశాక కూడా అదే ధైర్యంతో దూకుతారు. పడవ ఎక్కినా, లోతు నీళ్ల పక్కన ఉన్నా సరైన లైఫ్ జాకెట్టే వేయండి. పిల్ల బరువుకి తగినది, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది. వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే అది పెద్దది. ఇంకొకటి, లేత నీలం, తెలుపు ఈత దుస్తులు కొనకండి. నీళ్లలో ఒక అడుగు లోతుకి వెళ్తే రంగు కలిసిపోతుంది. కళ్లు జిగేలుమనే నారింజ, గులాబీ రంగులైతే మేలు.

పసుపుగడప
అందరూ పూల్ గురించే రాస్తున్నారు. చిన్నారి_అమ్మ గారు పూల్ ఉన్న ఇంటికి వెళ్లేది ఎప్పుడో ఒకసారి. బకెట్ రోజూ ఉంటుంది. నడక రాని పిల్లలకీ, అప్పుడే నడక నేర్చిన పిల్లలకీ ఇంట్లోనే గండం.

మా పక్కింట్లో జరిగింది చెప్తాను. బాత్రూమ్‌లో సగం నిండిన బకెట్, అందులో తేలుతున్న మగ్గు. ఏడాది నిండని బాబు పాకుతూ వెళ్లి బకెట్ అంచు పట్టుకుని లేచాడు. మగ్గు అందలేదు. మునివేళ్ల మీద లేచి ఇంకాస్త వంగాడు. ఆ వయసులో ఒంటిలో బరువంతా తలదే, అంచు దాటాక కాళ్లు నేలని వదిలేశాయి. బకెట్ బరువుగా ఉంది కాబట్టి ఒరగలేదు. వెనక్కి రావడానికి చేతుల్లో బలం లేదు. వాళ్ల పెద్దమ్మ తువ్వాలు కోసం అటుగా వచ్చింది కాబట్టి సరిపోయింది. బకెట్లో అరికాళ్లు మాత్రం పైకి కనిపించాయట.

అప్పటి నుంచి మా వీధిలో ఎవరింట్లోనూ నీళ్లున్న బకెట్ కింద ఉండదు. వాడగానే ఒంపేసి బోర్లించడమే. డ్రమ్ముకి బిగుతు మూత, సంపుకి మూతా తాళమూ, బాత్రూమ్ తలుపుకి బయట పైన గడియ, వెస్టర్న్ టాయిలెట్ మూత వేసి ఉంచడం. గాలి నింపే చిన్న తొట్టిలో ఆడించినా ఆట కాగానే నీళ్లు పారబోయాలి.

రాత్రి_డ్యూటీ
పసుపుగడప గారి ప్రతి మాటా నిజం. ముక్కూ నోరూ మునిగితే చాలు, రెండు అంగుళాల నీళ్లు కూడా ప్రాణం తీస్తాయి. స్నానం చేయించేటప్పుడు కూర్చోబెట్టే ప్లాస్టిక్ సీట్లు కూడా రక్షణ కోసం చేసినవి కావు. అవి ఒరిగిపోతాయి, పిల్లలు కాళ్ల సందులోంచి జారిపోతారు. సీటు ఉంది కదా అని తువ్వాలు కోసం పక్కగదికి వెళ్లొద్దు. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు పక్కనున్నా అంతే, ఏడేళ్ల పిల్ల మీద కాపలా బాధ్యత పెట్టకండి.

పిల్లిమొగ్గ
మా వాడికి స్నానం చేయించాలంటే లోపలికి లాక్కెళ్లడానికి ఒకరు, అయ్యాక బయటికి లాగడానికి ఇద్దరు కావాలి. కాపలా కొరత మాకు లేదు.

నక్షత్రదారి
మా అబ్బాయికి ఆటిజం. నీళ్లంటే ప్రాణం. మాటల్లో చెప్పడు, తలుపు తెరిచి ఉంటే నీళ్లున్న వైపే నడుస్తాడు. ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకి ఒక మాట, మామూలు పిల్లలకీ ఇదే వర్తిస్తుంది. పిల్లవాడు కనిపించలేదంటే మంచం కింద, బీరువా వెనక, వీధిలో వెతకడం తర్వాత. ముందు నీళ్లు చూడండి. పూల్, తొట్టి, సంపు, వాన నీళ్లు నిలిచిన గొయ్యి. బీరువాలో దాక్కున్న పిల్లవాడు అయిదు నిమిషాల తర్వాత దొరికినా ఏం కాదు. మేం ఎక్కడికి వెళ్లినా దిగగానే ఆ చుట్టుపక్కల నీళ్లెక్కడున్నాయో ఒకసారి నడిచి చూసుకుంటాం.

మూర్ఛ వచ్చే పిల్లల విషయంలోనూ అంతే జాగ్రత్త కావాలి. స్నానం తొట్టిలో వద్దు, షవర్ కింద కూర్చోబెట్టి చేయించడం మంచిదని మా డాక్టర్ చెప్పారు.

చిన్నారి_అమ్మ
నక్షత్రదారి గారూ, "ముందు నీళ్లు చూడండి" అన్నది కాగితం మీద రాసి ఆ ఇంట్లో అతికిస్తాను. మరి కాపలా సంగతి? అందరిలోకీ ఒకరిని ఎలా ఒప్పించాలి? "నువ్వే చూడు" అంటే ఎవరికైనా చిన్నబుచ్చినట్టు ఉంటుందేమో.

ముగ్గురి_నాన్న
వంతులు వేయండి, ఎవరికీ చిన్నతనం ఉండదు. మా కుటుంబంలో మెడలో వేసుకునే ఒక విజిల్ ఉంది. అది ఎవరి మెడలో ఉంటే వాళ్లది కాపలా. పావుగంట అయ్యాక ఇంకొకరి చేతికి ఇచ్చి, "ఇప్పుడు నువ్వు" అని పైకి చెప్పి, అవతలివాళ్లు "సరే, నేను" అన్నాకే లేవాలి. మెడలో విజిల్ ఉన్నవాళ్లు ఫోన్ పట్టుకోరు, మందు తాగరు, వంటింట్లోకి వెళ్లరు. ఈత వచ్చినవాళ్లే తీసుకోవాలి. పావుగంటే కాబట్టి ఎవరూ కాదనరు. మీ పాప వయసు పిల్లలకి ఇది చాలదు. వాళ్లు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చెయ్యి చాపితే అందేంత దగ్గర, నీళ్లలోనే ఉండాలి.

వేపకొమ్మ
ఫోన్ సంగతి మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మా కాలంలో మమ్మల్ని ఎవరూ కాపలా కాయలేదని రాశాను గానీ, ఆలోచిస్తే గట్టున బట్టలు ఉతికేవాళ్లు, గేదెలు తోలేవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లు, వాళ్ల తల మా వైపే ఉండేది. ఇప్పుడు గట్టున ఉన్నవాళ్ల తల కిందికి వంగి ఉంటోంది.

సర్దుడుబల్ల
2018లో జర్మనీ లైఫ్‌గార్డుల సంఘం కూడా సరిగ్గా ఇదే హెచ్చరించింది, పిల్లలు నీళ్లలో ఉన్నప్పుడు తల్లిదండ్రులు ఫోన్లలో ఉంటున్నారని.

పసుపుగడప
ఇంకో సంగతి. ఆట అయ్యాక బంతులు, బొమ్మలు పూల్లోంచి తీసేయండి. నీళ్లలో ఎర్రబంతి తేలుతుంటే ఏ పిల్ల ఊరుకుంటుంది?

బొమ్మలబుట్ట
ఒకవేళ ఏదైనా జరిగితే? మా పెద్దవాళ్లు పిల్లని తలకిందులుగా పట్టుకుని, కడుపు నొక్కి నీళ్లు కక్కించాలంటారు.

రాత్రి_డ్యూటీ
దయచేసి అలా చేయకండి. మునిగిన పిల్లకి కావలసింది ఊపిరి. కడుపు నొక్కితే లోపలున్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలూ పోతాయి.

గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టండి. పిలిస్తే పలకకుండా, ఊపిరి మామూలుగా తీసుకోకుండా ఉంటే పక్కవాళ్లని అంబులెన్స్‌కి ఫోన్ చేయమనండి. ఒక్కరే అయితే ఫోన్ స్పీకర్‌లో పెట్టి పని మొదలుపెట్టండి. తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాలి, ఛాతీ లేచేంత వరకే. ఏడాదిలోపు బిడ్డకైతే తల నిటారుగా ఉంచి, ముక్కూ నోరూ కలిపి మన నోటితో మూసి ఊదాలి. యూరప్ మార్గదర్శకాల్లో మొదట 5 సార్లు ఊదమంటారు, అమెరికా వాళ్లు 2 అంటారు, మీకు నేర్పినట్టు చేయండి. ఆ తర్వాత ఛాతీ నడుమ 30 సార్లు నొక్కి 2 సార్లు ఊదడం. నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, ఛాతీ మందంలో మూడో వంతు కిందికి దిగేలా. సాయం వచ్చేదాకా ఆపకూడదు. ఇది చదివితే రాదు, బొమ్మ మీద చేతులతో చేసి నేర్చుకోవాలి. ఆ ఇంట్లో కనీసం ఇద్దరికి వచ్చి ఉంటే బాగుంటుంది.

ఈత రాని పెద్దవాళ్లు కంగారులో దూకొద్దు. లోతు నీళ్లయితే కర్రో, తాడో, పంచో అందించండి, తేలే వస్తువు ఏదైనా విసరండి.

బొమ్మలబుట్ట
నీళ్లలోంచి వచ్చి బాగానే ఆడుకున్న పిల్లలు వారం తర్వాత నిద్రలో పోయారని ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. "పొడి మునక" అట. నిజమా?

రాత్రి_డ్యూటీ
ఆ పేరునే వైద్యులు వాడటం మానేశారు. 2002లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని మునకకి ఒకే నిర్వచనం ఇచ్చారు, అందులో పొడి, తడి అన్న విభజన లేదు. ఏ లక్షణమూ లేకుండా రోజులు గడిచాక ఉన్నట్టుండి పోవడం ఉండదు. ఇబ్బంది ఉంటే మొదటి కొన్ని గంటల్లోనే బయటపడుతుంది: ఆగని దగ్గు, ఎగశ్వాస, వాంతులు, మగత. వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లండి. నోట్లో ఊపిరి ఊది బతికించుకున్న పిల్లని మాత్రం ఎంత హుషారుగా ఉన్నా తీసుకెళ్లాల్సిందే.

చిన్నారి_అమ్మ
మా ఆడపడుచుతో మాట్లాడాను. ముగ్గురి_నాన్న గారు చెప్పిన పదకొండేళ్ల పిల్ల సంగతి చెప్పాను. తనే ఇంటి యజమానికి ఫోన్ చేసింది. తాత్కాలిక కంచె బిగించడానికి ఒప్పుకున్నారట, డబ్బు అందరం పంచుకుంటున్నాం. విజిల్ నేను కొన్నాను. "మొదటి వంతు నాదే" అని అత్తయ్యగారు ముందే చెప్పేశారు. ఆవిడకి ఈత రాదు కాబట్టి పక్కన మావారిని కూర్చోమన్నాను.

ఈత_మాస్టారు
కంచె వచ్చాక గేటు చేత్తో వదిలి చూడండి, దానంతటదే గడియ పడుతోందా అని. పడకపోతే మళ్లీ పిలిపించండి. దాని పక్కన కుర్చీలు, కుండీలు లేకుండా చూడండి. పాప ఎక్కుతుంది.

ఇద్దరు_బుడతలు
నావి కవలలు, పది నెలలు. ఇంట్లో పగలు నేనొక్కదాన్నే. ఇద్దరికీ స్నానం ఎలా? కాలింగ్ బెల్ మోగితే ఏం చేయాలి?

రాత్రి_డ్యూటీ
ఒకరి తర్వాత ఒకరికే. రెండో బిడ్డని కటకటాల మంచంలోనో, బెల్టు పెట్టిన కుర్చీలోనో మీకు కనిపించేలా ఉంచండి. తువ్వాలు, బట్టలు, సబ్బు అన్నీ ముందే చెయ్యి చాపితే అందేలా పెట్టుకోండి. నీళ్లు నడుము దాటనివ్వకండి. బెల్ మోగితే మోగనివ్వండి. తీయక తప్పదంటే తడిబిడ్డని తువ్వాలులో చుట్టి చంకనేసుకుని వెళ్లండి. నీళ్లు ఒంపేశాకే రెండో బిడ్డ దగ్గరికి.